ఎవరి ఉత్తరం, ఎవరి చేతి మీదుగా

మక్తల్ బస్టాండుకు కాస్త ఇవతల ఒక నెట్ సెంటరు ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను, గోడకు పాస్‌పోర్టు ఫొటోల కోసం నీలం గుడ్డ. దాన్ని నడిపే యువకుడు హైదరాబాదులో కొన్నేళ్లు ఒక హోస్టింగ్ కంపెనీలో మెయిల్ సర్వర్ల పని చేసి, ఇంటి దగ్గరి అవసరాలు చూసుకుని ఊరికి తిరిగొచ్చినవాడు. ఆ రోజు ఆయన మీదికి తగాదాకు వచ్చిన పెద్దాయన తపాలా శాఖలో సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరైనవారు.

తగాదా ఇది. పెద్దాయన చెల్లెలి మనుమడు డిప్లొమా పూర్తి చేసి, హైదరాబాదులో ఒక కంపెనీకి దరఖాస్తు పెట్టాడు. అప్పటికి సొంత మెయిల్ లేదు గనక సెంటరు ఐడీయే రాశారు. ఇంటర్వ్యూ కబురు సెంటరుకు వచ్చింది. సెంటరాయన దాన్ని కుర్రవాడి కొత్త ఐడీకి ఫార్వర్డ్ చేశాడు. కుర్రవాడు ఆ మెయిల్‌కే రిప్లై కొట్టి, తప్పక వస్తానని రాశాడు. ఆ జవాబు కంపెనీకి పోలేదు, వెనక్కి సెంటరుకే వచ్చి పడింది. పండగకని సెంటరు మూసి ఉంది. తెరిచేసరికి గడువు దాటింది.

జిరాక్సు కోసం వెళ్లిన నేను పక్క స్టూలు మీద కూర్చుండిపోయాను. ఇద్దరి పట్టుదలా నాకు నచ్చింది.

పోస్టు సారు: పిలగాని ఉత్తరం పిలగానికి పంపుమంటే, నీ పేరు మీద పంపినవేంది తమ్మీ?

సెంటరాయన: నా పేరు మీద కాదు సారూ, ఫార్వర్డ్ చేసిన. కంపెనీ రాసిందంతా లోపల ఉండనే ఉంది కదా.

పోస్టు సారు: లోపల ఏమున్నదని నేను అడగలే. కవరు మీద ఎవరి పేరున్నది? పంపినవారు అన్న చోట నీ సెంటరు పేరున్నది. జవాబు నీకే రావట్టె. మా ఆఫీసుల ఇట్లాంటి పని చేస్తే చార్జిషీటు చేతికిస్తుండిరి.

సెంటరాయన: మరి మీ ఆఫీసుల ఎట్ల చేస్తుంటిరి?

పోస్టు సారు: రీడైరెక్ట్ చేస్తుంటిమి. బొంబాయి, పూనా పోయిన మన లేబర్‌కు వచ్చే ఉత్తరాలు ఎన్ని చూసిన! పాలమూరు మనిషి మేస్త్రీ ఎంట ఇయాల ఒక సైటుల ఉంటడు, ఆర్నెల్లకు ఇంకో ఊర్ల ఉంటడు. పోయే ముందు వచ్చి, కొత్త పత్తా రాయించి, సంతకమో వేలిముద్రో పెట్టి పోతుండె. ఉత్తరం వస్తే పాత పత్తా మీద ఒక్క గీత కొడుతుంటిమి. చదవరాకుండ చెరిపేసుడు కాదు, పాతది కనపడాల. పక్కన కొత్త పత్తా, వెనక మా ఆఫీసు తేదీ ముద్ర. పంపినాయన పేరు పంపినాయనదే. కవరు చించం, ఇంకో స్టాంపు అడగం. జవాబు రాస్తే రాసినాయనకే పోతది, నడుమ మక్తల్ పోస్టాఫీసుకు రాదు.

సెంటరాయన: ఆ పద్ధతి మెయిల్‌ల కూడ ఉంది సారూ, పేరు కూడ అదే. ఔట్‌లుక్ రూల్స్ తెరిస్తే ఫార్వర్డ్ ఒక వరుసల, రీడైరెక్ట్ ఇంకో వరుసల, పక్కపక్కనే ఉంటయి. థండర్‌బర్డ్‌ల ఉంది, ఆపిల్ మెయిల్‌ల ఉంది. రీడైరెక్ట్ కొడితే ‘ఫ్రం’ దగ్గర కంపెనీ పేరే నిలుస్తది. రిప్లై నేరుగ కంపెనీకే పోతది. ఫార్వర్డ్ సంగతి వేరే. అది నేను రాసే కొత్త ఉత్తరం. వచ్చిన ఉత్తరం దాని కడుపుల ఉంటది. రాసింది నేను గనక జవాబు నాకే వస్తది.

పోస్టు సారు: ఇంత తెలిసి కూడ ఫార్వర్డే ఎందుకు కొట్టినవ్?

సెంటరాయన: నాది జీమెయిల్. వచ్చిన మెయిల్‌ను చేతితోని రీడైరెక్ట్ చేసే బటనే అందుల లేదు. సెట్టింగ్స్‌ల ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ అని ఒకటి ఉంది. దాని పేరు ఫార్వర్డింగే గని చేసేది మీ పనే, ఫ్రం మారదు. అయితే అది పెడితే ఈ సెంటరుకు వచ్చే అందరి హాల్‌టికెట్లు, అందరి ఓటీపీలు మీ మనుమనికే పోతయి. ఫిల్టరు పెట్టి ఒక్క కంపెనీ మెయిళ్లే పంపొచ్చు, నిజమే. ఆ కంపెనీకి మా సెంటరు నుంచి ఇంకో ఇద్దరు పిల్లలు కూడ అప్లై చేసిన్రు. వాళ్లవి కూడ ఆయనకే పోతుండె.

(దీనికి పెద్దాయన దగ్గర జవాబు లేదు. అయినా వెనక్కి తగ్గలేదు. కుర్చీ ముందుకు లాక్కున్నారు.)

పోస్టు సారు: బటన్ లేదంటివి, సరే. నేను అడిగేది న్యాయం. ఇంకొకరి ఉత్తరం నా చేతికి వస్తే, నేను దాన్ని మోసేటోణ్ని. రాసేటోణ్ని కాదు. ఫార్వర్డ్ కొట్టంగనే నువ్వు రాసేటోనివి అయితివి. ఆ హక్కు నీకు ఎవరిచ్చిన్రు?

సెంటరాయన: హక్కు కాదు సారూ, పూచీ. మీ రీడైరెక్ట్‌ల మోసినోడు కనపడడు. అదే నాకు భయం. 1982 ఆగస్టుల మెయిల్ ఎట్ల ఉండాల్నో చెప్తూ ఆర్‌ఎఫ్‌సీ 822 అని ఒక పత్రం వచ్చింది. అందుల ‘రీసెంట్-ఫ్రం’, ‘రీసెంట్-టు’, ‘రీసెంట్-డేట్’ అని వరుసలు పెట్టిన్రు. రీసెంట్ అంటే ఇక్కడ మళ్ల పంపిన అని. దారి మళ్లించినాయన తన పేరు, తేదీ అక్కడ రాయాల, పాత ఫ్రంను ముట్టొద్దు. 2008ల వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5322 కూడ ఆ వరుసలను ఉంచింది. ఇది ఫార్వర్డ్ కాదు, వేరే పని అని పట్టి చెప్పింది.

పోస్టు సారు: ఇంకేంది! నా తేదీ ముద్రే అది.

సెంటరాయన: ముద్రే. అయితే మీ ముద్ర కవరు తిప్పితే కనపడతది. ఈ ముద్ర ఫోన్‌ల ఎవరికీ కనపడదు. ఆటోమేటిక్‌గ పోయే వాటికి ఆ వరుసలు చాలాసార్లు పడనే పడవు. అవి చదివేది సమాచారం కోసమే, జవాబు ఎటు పోవాల్నో అవి చెప్పవు. మెయిల్ అందుకున్న మనిషి, కంపెనీయే నాకు నేరుగ రాసిందనుకుంటడు. నడుమ ఒక నెట్ సెంటరు ఉందని, దాని యజమాని ఇదంతా చదివిండని వానికి తెల్వదు. నేను ఫార్వర్డ్ చేస్తే నా పేరు నెత్తి మీద ఉంటది. తిట్టాల్నన్నా నన్నే తిట్టొచ్చు. మీరిప్పుడు తిడుతున్నట్టు.

పోస్టు సారు: తిట్టుడు కోసం ఉత్తరం పేరు మారుస్తరా?

సెంటరాయన: దొంగలు ఏ దారి వాడుతరో చెప్పాల్నా? పాస్‌వర్డు దొరికించుకున్నోడు మెయిల్‌ల కూర్చోని రోజూ చదవడు. ఒక్కసారి లోపలికి పోయి, బ్యాంకు అనో ఇన్వాయిస్ అనో మాట ఉన్న మెయిళ్లు ఫలానా ఐడీకి పోవాల్నని రూల్ పెట్టి బయటికొస్తడు. యజమాని పాస్‌వర్డు మార్చినా ఆ రూల్ అట్లనే ఉంటది. వ్యాపారుల డబ్బులు దారి మళ్లే మోసాలల్ల పోలీసులు ముందు చూసేది ఈ రూల్సే. కేంద్ర ప్రభుత్వ ఈమెయిల్ విధానం కూడ, ఆఫీసు మెయిల్‌ను బయటి సొంత ఐడీకి పంపుకోవద్దనే చెప్తది.

పోస్టు సారు: మా దగ్గర సంతకం లేనిది రీడైరెక్ట్ లేదు.

సెంటరాయన: జీమెయిల్ కూడ ఒప్పుకోలు అడుగుతది. ఎవర్ని? కొత్త ఐడీ యజమానిని. అక్కడికి ఒక కోడ్ పంపి, నీకు ఈ మెయిళ్లు రావొచ్చునా అని అడుగుతది. ఆ కొత్త ఐడీ దొంగదే అయితే దొంగే సరేనంటడు. మీ ఫారం మీద సంతకం పెట్టేది ఉత్తరం ఎవరికి రావాల్నో ఆ మనిషి. ఇక్కడ సరేననేది ఉత్తరం ఎటు పోతదో అటు ఉన్న మనిషి.

నేను అప్పటిదాకా ఈ తేడా ఆలోచించలేదు. ఎవరి ఒప్పుకోలు తీసుకోవాలన్న ప్రశ్నకు తపాలా శాఖ ఒక జవాబు చెప్తే, కంప్యూటరు ఇంకో జవాబు చెప్తోంది. పెద్దాయన మాత్రం దీన్ని తన గెలుపుగానే లెక్క వేసుకున్నారు.

పోస్టు సారు: అంటే లోపం మీ మిషన్లల్ల ఉంది, రీడైరెక్ట్‌ల కాదు. సరైన మనిషిని అడగకపాయె, ముద్ర కనపడనియ్యకపాయె. నేను చెప్పేది ఆ పని సరిగ్గ చేయుమనే.

సెంటరాయన: సరిగ్గ చేసినా చేరదు సారూ! ఇటు చూడుండ్రి.

ఆయన తెరను మా వైపు తిప్పాడు. సెంటరుకు వచ్చిన ఒక బ్యాంకు మెయిల్ తెరిచి, మూల ఉన్న మూడు చుక్కలు నొక్కి, ‘షో ఒరిజినల్’ కొట్టాడు. పైన ఒక చిన్న పట్టిక. ఎవరి నుంచి, ఎవరికి, ఏ తేదీన. దాని కింద మూడు వరుసలు: ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్. ఆ కింద పేజీ నిండా ‘రిసీవ్డ్’ అని మొదలయ్యే వరుసలు.

సెంటరాయన: ఈ రిసీవ్డ్ వరుసలను కింది నుంచి మీదికి చదవాల. మెయిల్ దాటిన ఒక్కో సర్వరు తన ముద్ర అన్నిటికన్నా మీద కొడుతది. నూరు వరుసలు దాటినయంటే మెయిల్ రెండు ఐడీల నడుమ తిరుగుతున్నదని అనుమానం. ఆపేస్తరు.

పోస్టు సారు: మాకు కూడ అట్లాంటివి వస్తుండె. అన్న తమ్ముని పత్తా ఇస్తడు, తమ్ముడు అన్న పత్తా ఇస్తడు. కవరు నిండ ముద్రలే. ఈ మూడు పాసులు ఏంది?

సెంటరాయన: ఎస్‌పీఎఫ్ అంటే, మా పేరు మీద మెయిల్ తెచ్చేది ఫలానా సర్వర్లే అని బ్యాంకు బహిరంగంగ పెట్టిన జాబితా. డీకిమ్ అంటే ఉత్తరం మీద బ్యాంకు సంతకం. ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదు. ఆ రెండిట్ల ఒక్కటన్నా బ్యాంకు పేరుతోని సరిపోకపోతే మెయిల్‌ను ఏం చెయ్యాల్నో బ్యాంకే ముందు చెప్పి పెట్టేది డీమార్క్. 2014 ఏప్రిల్‌ల యాహూ వాళ్లు, మా పేరు మీద సరిపోని మెయిల్ వస్తే తిప్పి కొట్టుండ్రి అని పెట్టంగనే, ప్రపంచమంత గుంపు మెయిళ్లు నడిపేటోళ్లు గగ్గోలు పెట్టిన్రు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ కూడ, రోజుకు అయిదు వేలకు మించి పంపేటోళ్లకు ఈ మూడూ ఉండాల్సిందేనన్నది.

పోస్టు సారు: దానికి, నా రీడైరెక్ట్‌కు ఏం పొత్తు?

సెంటరాయన: నాకు ఇక్కడ సొంత సర్వరు ఉందనుకో, బ్యాంకు మెయిల్ దానికి వచ్చింది. నేను మీరు చెప్పినట్టే ఫ్రం ముట్టకుండ మీ మనుమని సర్వరుకు పంపిన. ఆ సర్వరు ఏం చూస్తది? రాసింది బ్యాంకు అని ఉంది, తెచ్చింది మక్తల్ సర్వరు. బ్యాంకు జాబితాల మక్తల్ లేదు. ఎస్‌పీఎఫ్ పోయింది. సంతకమన్నా మిగిలితే గట్టెక్కుతది. నడుమ ఏ సర్వరన్నా, ఇది వైరస్ లేని మెయిల్ అని అడుగున ఒక ముక్క చేర్చిందనుకో, సంతకం కూడ పోయింది. అప్పుడు మీ నిజాయితీ ఉత్తరం స్పాంల పడుతది, లేకుంటే వెనక్కొస్తది. అదే నేను ఫార్వర్డ్ కొడితే, రాసింది నేను, తెచ్చింది నా సర్వరు. అన్నీ పాస్.

పోస్టు సారు: నిజం చెప్పేటోణ్ని ఆపి, పేరు మార్చుకున్నోణ్ని పోనిస్తరన్నట్టు.

సెంటరాయన: పేరు మార్చుకున్నోడు తన పేరే చెప్పిండు సారూ. మీరు చెప్పిన పద్ధతిల నేను బ్యాంకు పేరు చెప్పుకుంటూ పోతున్న. సర్వరుకు నా మనసు తెల్వదు కదా! దీనికి మందులు కూడ కనిపెట్టిన్రు. పై కవరు మీద మాత్రం మోసినోని పత్తా రాసి, లోపల ఫ్రంను అట్లనే ఉంచే పద్ధతి ఉంది, ఎస్ఆర్ఎస్ అంటరు. నాకు వచ్చినప్పుడు సంతకం సరిగ్గనే ఉండె అని మోసిన సర్వరు తన పూచీ రాసే పద్ధతి 2019ల వచ్చింది, ఏఆర్‌సీ అంటరు. పెద్ద కంపెనీలు వాడుతున్నయి. చిన్న సర్వర్లల్ల సగం ఉంటయి, సగం ఉండవు.

పోస్టు సారు: సరే, నీ ఫార్వర్డ్ చేరుతది. ఏది చేరుతది? కంపెనీ రాసిందే చేరుతదా, నువ్వు చేర్చిందా?

సెంటరాయన నవ్వాడు. అడగాల్సిన మాటే అడిగారని ఒప్పుకుంటున్న నవ్వు. మనుమడికి వచ్చిన ఇంటర్వ్యూ మెయిల్‌నే మళ్లీ తెరిచి ఫార్వర్డ్ నొక్కాడు. అడుగున గీతల నడుమ పాత మెయిల్ వచ్చి కూర్చుంది. కర్సరు దాని లోపల పెట్టి, ఉదయం 10 గంటలు అన్నచోట 10 తీసి 3 కొట్టాడు. ఉదయం తీసి మధ్యాహ్నం చేశాడు. ఎర్ర గీత పడలేదు, హెచ్చరిక రాలేదు. పైన కంపెనీ పేరు, తేదీ చెక్కుచెదరలేదు. పంపకుండానే దాన్ని చెత్తబుట్టలో వేశాడు.

పోస్టు సారు: చూసినవా! ఇది ఉత్తరమా? చేత్తో ఎత్తి రాసిన నకలు. నకలు రాసేటోడు సంతకం పెట్టి, అసలుకు సరి అని రాయాల. నీ దాంట్ల అది కూడ లేదు. రేపు కోర్టుల చూపుమంటే ఏం చూపిస్తవ్?

సెంటరాయన: ఫార్వర్డ్ ప్రింటు చూపెడితే అవతలి లాయరు నవ్వుతడు, నిజమే. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం నడుస్తున్నది కదా, అందుల 63వ సెక్షను ప్రకారం మెయిల్‌ను సాక్ష్యంగ పెడితే సర్టిఫికెట్ జతచెయ్యాల. దాంట్ల హ్యాష్ విలువ, అంటే ఫైలు వేలిముద్ర లాంటిది, అది కూడ రాయాల. అసలు మెయిల్ ఉన్న డబ్బా కావాల, దాని హెడర్లు కావాల. నేను ఫార్వర్డ్ చేసిన దాంట్ల అవి ఉండవు. రిసీవ్డ్ వరుసలు, బ్యాంకు సంతకం అన్నీ నా దగ్గరనే ఆగిపోతయి. అందుకే మెయిల్ బెదిరింపులు వచ్చినోళ్లకు నేను ముందు చెప్పేది, ఫార్వర్డ్ చేసి అసలు డిలీట్ చెయ్యకుండ్రి అని.

పోస్టు సారు: మరి వాట్సాప్‌ల వచ్చేవన్నీ?

సెంటరాయన: అక్కడ రీడైరెక్ట్ మాటే లేదు. ఎవరు మొదట రాసిన్రో ఊడిపోయి, నాకు పంపినాయన పేరే మిగులుతది. పుకార్లతోని మనుషులను కొట్టి చంపినంక, 2018 జులైల ‘ఫార్వర్డెడ్’ అని ఒక చిన్న గుర్తు పెట్టిన్రు. మన దేశంల ఒక్కసారికి అయిదుగురికే అని కట్టడి పెట్టిన్రు. రాసినోడు ఎవరో మాత్రం ఇప్పటికీ కనపడదు.

ఇక్కడ చాయ్ వచ్చింది. మాట కాసేపు జూరాల నీళ్ల మీదికి, నారాయణపేట జిల్లా మీదికి పోయింది. పెద్దాయన అక్కడి నుంచే కొత్త పట్టు పట్టారు.

పోస్టు సారు: జిల్లా అంటే యాదికొచ్చింది. 2019 ఫిబ్రవరి 17న మనం మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి నారాయణపేటల పడ్డం. జిల్లా మారంగనే జనం పత్తా మార్చుకుంటరా? అర్జీలు మహబూబ్‌నగర్‌కే రాస్తరు. అర్జీ సమాచార హక్కుదైతే చట్టం ఏం చెప్తది? 2005 చట్టం, 6వ సెక్షను, మూడో ఉపసెక్షను. సమాచారం వేరే ఆఫీసుల ఉంటే, అయిదు రోజుల లోపల అర్జీని ఆ ఆఫీసుకు బదిలీ చెయ్యాల. జవాబు ఇచ్చేది ఆ రెండో ఆఫీసు, నేరుగ అర్జీ పెట్టినాయనకు. మొదటి ఆఫీసు నడుమ నిలబడి జవాబులు మొయ్యదు. పార్లమెంటు చేసిన చట్టమే నా దిక్కుంది తమ్మీ.

సెంటరాయన: ఆ సెక్షను చివరి ముక్క కూడ చెప్పుండ్రి సారూ.

పోస్టు సారు: ఏ ముక్క?

సెంటరాయన: బదిలీ చేసిన సంగతి అర్జీదారుకు వెంటనే తెలియజెయ్యాల్నని. ఆ ఫారాలు ఇక్కడనే నింపుతం, నాకు నోటికొచ్చు. మెయిల్ రీడైరెక్ట్‌ల రాసినాయనకు ఎవరు చెప్తరు? ఎవరూ చెప్పరు. కంపెనీ వాళ్లు ఇప్పటికీ ఆ పిలగాడు సెంటరు ఐడీ కాడనే ఉన్నడనుకుంటరు. రేపు ఆఫర్ లెటరు కూడ నాకే పంపుతరు.

పోస్టు సారు: మేము కూడ పంపినాయనకు చెప్పం... కానీ పత్తా దొరకకపోతే కారణం రాసి వాపసు పంపుతం. అప్పుడు ఆయనకు తెలుస్తది. వాపసు పత్తా కూడ లేకుంటే రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకు, ఆర్ఎల్ఓకు పోతది. కవరు చించి చూసే అధికారం వాళ్లకే, మా సబ్ పోస్టాఫీసుకు లేదు.

సెంటరాయన: మెయిల్‌ల అంతకన్నా మంచిది ఉండె. 1982లనే జాన్ పోస్టెల్ అనే ఆయన, సర్వర్లు మెయిల్ చేరవేసే ఎస్ఎంటీపీ నియమాలు రాసిండు, ఆర్‌ఎఫ్‌సీ 821. మెయిల్ తలుపు కాడికి రాంగనే సర్వరు నంబరుతోని జవాబు చెప్పాల. 251 అంటే, ఆ మనిషి ఇక్కడ లేడు, ఫలానా చోటికి నేనే పంపుత. 551 అంటే, ఆ మనిషి ఇక్కడ లేడు, ఫలానా పత్తాకు నువ్వే పంపుకో.

పోస్టు సారు: (కళ్లజోడు తీసి తుడుచుకుంటూ) ఎంత సక్కటి పద్ధతి! ఎవరికీ అనుమానం లేదు. ఎందుకు వాడరు?

సెంటరాయన: అడిగినోనికల్లా కొత్త పత్తా చెప్తే చెత్త మెయిళ్లు పంపేటోళ్లకు పండగే కదా. 2008ల నియమాలు మళ్ల రాసినప్పుడు, వీటిని వాడితే మనుషుల పత్తాలు బయట పడతయని అందులనే హెచ్చరించిన్రు. ఇప్పుడు దాదాపు ఎక్కడా కనపడవు.

పోస్టు సారు: మంచోళ్ల కోసం కట్టిన ఇల్లు, దొంగల కోసం తలుపులు మూసుకుంటున్నదన్నట్టు. సరే, పిలగాని సంగతికి రా. నువ్వు ఏం చేసుంటే బాగుండె?

సెంటరాయన: అటాచ్‌మెంటుగ ఫార్వర్డ్. కంపెనీ ఉత్తరాన్ని ముట్టకుండ, సంతకంతోని, హెడర్లతోని, ఒక ఫైలుగ నా మెయిల్‌కు జత చెయ్యొచ్చు. ఈఎంఎల్ అంటరు ఆ ఫైలును. మీద నా చిట్టీ: ‘తమ్మీ, ఇది నీకు వచ్చింది. నాకు రిప్లై కొట్టకు. లోపల ఉన్న కంపెనీ ఐడీకి రాయి.’

పోస్టు సారు: కవరు చించకుండ ఇంకో కవర్ల పెట్టి, మీద నీ పేరు రాసుడు. ఇది ఒప్పుకుంట. నువ్వు కనపడతవ్, ఉత్తరం చెడదు.

సెంటరాయన: ఒప్పుకున్నరు గని, ఫోన్‌ల ఆ ఫైలు తెరిచి దానికే రిప్లై కొట్టుడు పిల్లలకు తిప్పలైతది. అందుకే కొట్టలే. ఇంకో మాట. రీడైరెక్ట్ చేసుంటే పిలగాని జవాబు కంపెనీకి పోతుండె అన్నరు కదా. పోయినా అది పిలగాని కొత్త ఐడీ నుంచి పోతది. కంపెనీ రికార్డుల ఉన్నది సెంటరు ఐడీ. ఇది ఎవరు, మా జాబితాల లేడే అని పక్కన పెట్టినా పెట్టొచ్చు. నేను నా ఐడీ నుంచి జవాబిస్తే వాళ్లు గుర్తుపడుతుండిరి.

పోస్టు సారు: అంటే పిలగాని తరఫున నువ్వు మాట్లాడాల్నా? రాసేటోనివి అయినవని మొదలే అన్న. ఇప్పుడు పిలగానివే అయితనంటున్నవ్!

సెంటరాయన: అర్జీల మా ఐడీ పెట్టిన నాడే అయిన సారూ. దాన్ని ఇయాల రీడైరెక్ట్ కడగలేదు, ఫార్వర్డ్ కడగలేదు.

ఈ మాట దగ్గర ఇద్దరూ ఆగారు. నాకు తోచింది కూడా ఇదే. గంటసేపు వాళ్లు వాదించింది ఉత్తరం తప్పు ఇంటికి వచ్చాక ఏం చెయ్యాలన్న దాని గురించి. అసలు తప్పు ఆ ఇంటి పత్తా రాసిన చోట ఉంది. మన మండల కేంద్రాల్లో ఎన్ని దరఖాస్తుల్లో ఎన్ని నెట్ సెంటర్ల ఐడీలు ఉన్నాయో! స్కాలర్‌షిప్పుకు ఒకటి, పరీక్షకు ఒకటి, ఉద్యోగానికి ఇంకొకటి. పాస్‌వర్డు మార్చుకునే లింకు కూడా ఆ ఐడీకే పోతుంది. అంటే ఖాతా తాళం సెంటరు గల్లాపెట్టెలో ఉన్నట్టే. సెంటరాయన మంచివాడైతే సరే. సెంటరు మూతపడితే?

పోస్టు సారు: రీడైరెక్టే న్యాయమని నేను ఇప్పటికీ అంట. మిషన్లు దానికి తోవ ఇయ్యకపోతే అది మిషన్ల తప్పు.

సెంటరాయన: పేరు పెట్టి పంపేదే మేలని నేను కూడ అంట. న్యాయం కోసం ఉత్తరం స్పాంల పడితే పిలగానికి ఏం లాభం? మీ రిజిస్టర్ పోస్టే 2025ల స్పీడ్ పోస్టుల కలిసిపాయె. పద్ధతులు మారుతయి.

పోస్టు సారు: పేరు మారింది బిడ్డా, సంతకం తీసుకొని ఇచ్చుడు మారలే. సరే, ఇప్పుడు పిలగాడు ఏం చెయ్యాల?

సెంటరాయన: సొంత ఐడీ నుంచి కంపెనీకి రాయాల. అర్జీ నంబరు వెయ్యాల, అర్జీల ఉన్న ఐడీ సెంటరుదని చెప్పాల, కంపెనీ పంపిన అసలు మెయిల్‌ను ఈఎంఎల్‌గ జత చెయ్యాల, గడువు లోపల తను జవాబు రాసిన తేదీ చూపాల. అదే పూట నేను సెంటరు ఐడీ నుంచి, ఈయన చెప్పింది నిజమని ఒక లైను రాస్త. ఇద్దరం రాస్తే నమ్ముతరు.

పోస్టు సారు: రాయి. ఇప్పుడే రాయి, నేను కూర్చుంట. దానెనక నీ డబ్బా తీసి, ఎవరెవరి ఉత్తరాలు పడి ఉన్నయో ఒక కాగితం మీద పేర్లు ఎక్కించు. ఫోన్ చేసి పిలువు. వచ్చినోళ్లకల్లా ఐడీ తెరిచి ఇయ్యి.

సెంటరాయన: ఐడీకి వాళ్ల ఫోన్ నంబరే రికవరీగ పెడత, నాది పెట్ట.

పోస్టు సారు: అది మొదలే చెయ్యాల్సింది.

చదివేవాళ్లకు ఒక మాట. మీ పిల్లల దరఖాస్తుల్లో సెంటరు ఐడీయో, మేనమామ ఐడీయో ఉంటే, ఫలితాలు రాకముందే ఆ వెబ్‌సైటులో ప్రొఫైల్ తెరిచి సొంత ఐడీ ఎక్కించండి. మార్చే వీలు లేకపోతే, ఆ సంస్థ హెల్ప్‌డెస్క్‌కు సొంత ఐడీ నుంచి రాసి రసీదు నంబరు తీసుకోండి. అట్లాగే ఒకసారి కంప్యూటర్లో మీ జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి, ఫార్వర్డింగ్ అన్న పేజీ, దాని పక్కన ఫిల్టర్ల పేజీ చూడండి. మీరు పెట్టని ఐడీ అక్కడ ఏదైనా కనపడితే ముందు దాన్ని తీసేయండి, ఆ తర్వాత పాస్‌వర్డు మార్చండి.